నైలు దీవిలో యాహు గుడి

మూడేళ్లుగా ఆ దీవిలో యూదుల తలకు నూనె లేదు. ఒంటి మీద గోనెపట్ట, పొద్దస్తమానం ఉపవాసాలు. ద్రాక్షారసం ముట్టడం లేదు. మొగుళ్లు బతికుండగానే ఆడవాళ్లు విధవల్లా కాలం వెళ్లదీస్తున్నారు.

క్రీ.పూ. 407, నవంబరు 25. దీవి యూదులకు పెద్ద, గెమర్యా కొడుకు యెదన్యా లేఖకుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఈ గోడంతా చెప్పి రాయిస్తున్నాడు. ముందు చిత్తుప్రతి. ఒక వాక్యం పూర్తయ్యాక ఏదో గుర్తొస్తుంది, వరసల మధ్య ఇరికించమంటాడు. మరో మాట కొట్టేసి మళ్లీ రాయమంటాడు. ఉత్తరం వెళ్లాల్సింది వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణ దూరంలో ఉన్న యెరూషలేముకు, యూదా ప్రాంతాన్ని పర్షియా చక్రవర్తి తరఫున ఏలుతున్న బగోహికి.

"అయ్యా, బంగారం సంగతి కూడా రాయమంటారా?"

"రాయి. చిట్టచివర రాయి."

ఈ రెండు మాటలూ నా ఊహ. ఉత్తరం చివర బంగారం ప్రస్తావన ఉండటం మాత్రం ఊహ కాదు. ఆ చిత్తుప్రతి, ఆ దిద్దుబాట్లతో సహా, ఇప్పటికీ ఉంది. అధికారి దగ్గరికి అర్జీ పట్టుకెళ్లేవాడు ఏ కాలంలోనైనా వట్టి చేతులతో వెళ్లడు కదా.

ఆ దీవి ఈజిప్టుకు దక్షిణపు కొసన, ఇప్పటి అస్వాన్ ఊరికి ఎదురుగా, నైలు నది నడిమధ్యన ఉంది. గ్రీకులు ఎలిఫెంటైన్ అన్నారు. అక్కడున్న యూదులు తమ అరామిక్ భాషలో 'యేబు' అన్నారు. అన్ని పేర్ల వెనకా ఏనుగే ఉంది. దక్షిణాది నుంచి దంతం దిగేది ఈ రేవులోనే. దీవి దాటితే నది రాతిబండల మీద విరుచుకుపడే మొదటి జలపాతం. ఆ పైన నూబియా. అంటే సరిహద్దు ఠాణా. సరిహద్దును కాయడానికి కిరాయి సైనికులను దింపారు. వాళ్లలో యూదులున్నారు, పెళ్లాం బిడ్డలతో, ఇళ్లూ వాకిళ్లతో. జీతం వెండి రూపంలో కొంత, ధాన్యం రూపంలో కొంత.

వాళ్లకో గుడి ఉంది. దేవుడి పేరు యాహు. తెలుగు బైబిలు చదివినవాళ్లకు యెహోవాగా తెలిసిన దేవుడే.

ఇక్కడ కాస్త ఆగాలి. బైబిలు ప్రకారం యెహోవాకు బలులిచ్చే గుడి ఒక్కటే ఉండాలి, అది యెరూషలేములో ఉండాలి. యోషీయా రాజు క్రీ.పూ. 622 ప్రాంతంలో ఊరూరా ఉన్న ఉన్నతస్థలాలను పడగొట్టించి ఆ నియమాన్ని బిగించాడు. క్రీ.పూ. 586లో బబులోను సేనలు ఆ ఒక్క గుడినీ తగలబెట్టాయి. పర్షియా రాజు కోరెషు అనుమతితో తిరిగొచ్చిన ప్రవాసులు క్రీ.పూ. 515లో దాన్ని మళ్లీ కట్టుకున్నారు. మరి నైలు మధ్యలో ఈ గుడేమిటి? యెదన్యా దానికి జవాబు తన ఉత్తరంలోనే ఇచ్చాడు. ఐగుప్తు (ఈజిప్టు) రాజుల కాలంలోనే మా తాతలు దీన్ని కట్టారు, క్రీ.పూ. 525లో పర్షియా రాజు కంబైసిస్ దండెత్తి వచ్చేసరికే ఇది ఇక్కడుంది, ఐగుప్తు దేవుళ్ల గుళ్లు కూలినా దీన్నెవరూ తాకలేదు అని రాయించాడు. తప్పు చేస్తున్నామన్న బెరుకు అందులో ఎక్కడా లేదు. తన గుడి గురించి యెరూషలేము ప్రధాన యాజకుడికే లేఖ రాసినవాడు అతను.

ఈ గుడి పక్కన ఎవరుండేవారో కూడా మనకు తెలుసు. గుడి సేవకుడు అనన్యా, అతని భార్య తామెత్.

తామెత్ ఈజిప్టు పిల్ల. మెషుల్లాము అనే యూదుడి దాసి. ఆమె చేతి మీద యజమాని పేరు ముద్ర వేసి ఉంది, పశువుకు వేసినట్టు. క్రీ.పూ. 449లో అనన్యా ఆమెను పెళ్లాడాడు. అప్పటికే వాళ్లకు పిల్తీ అనే కొడుకున్నాడు. పెళ్లిపత్రంలో ఆమె తెచ్చుకున్న సామానంతా రాశారు: ఒక ఉన్ని బట్ట, ఒక అద్దం, ఒక జత చెప్పులు, కాస్త సుగంధ తైలం, కాస్త ఆముదం. మొత్తం లెక్కేస్తే ఏడు షెకెళ్ల పైచిలుకు. షెకెలును తెలుగు బైబిలు 'తులం' అంటుంది, కాబట్టి ఏడు తులాల వెండి అనుకోవచ్చు. పెళ్లయినా ఆమె దాసే. అనన్యా ఆమెను వదిలేస్తే పిల్తీని వెనక్కి తీసుకునే హక్కు మెషుల్లాము తన దగ్గరే పెట్టుకున్నాడు. అయితే అదే పత్రంలో ఇంకో మాట కూడా ఉంది: సభలో లేచి నిలబడి ఈ మొగుడు నాకొద్దు అనే హక్కు తామెత్‌కూ ఉంది. దాసికి విడాకుల హక్కు! ఈ వాక్యం చదివినప్పుడల్లా నేను కాసేపు ఆగిపోతాను.

క్రీ.పూ. 437లో అనన్యా ఒక పాడుపడ్డ ఇల్లు 14 షెకెళ్లకు కొన్నాడు, పర్షియా సైన్యానికి చెందిన బగజుష్ట అనే అతని దగ్గర. ఆ ఇల్లు యాహు గుడికి ఎదురుగా, మధ్యలో రాజవీధి. మూడేళ్లకు అందులో కొంత భాగం తామెత్ పేర రాసిచ్చాడు. ఆమె అప్పటికీ దాసే. క్రీ.పూ. 427లో, పెళ్లయిన 22 ఏళ్లకు, మెషుల్లాము ముసలితనంలో ఆమెనూ, ఆమె కూతురు యెహోయిషమానూ విడిచిపెట్టాడు. దానికీ ఒక షరతు పెట్టాడు: తాను బతికున్నంత కాలం కన్నబిడ్డల్లా చూసుకోవాలి, తన తర్వాత తన కొడుకు జక్కూరును చూసుకోవాలి. ఏడేళ్ల తర్వాత యెహోయిషమా పెళ్లి అయింది. ఆ పెళ్లిపత్రంలో కట్నం 78 షెకెళ్లు. తల్లి ఏడు తులాలతో గడప దాటింది, కూతురు డెబ్బై ఎనిమిదితో.

ఇప్పుడు దీని పక్కన యెరూషలేములో జరుగుతున్నది పెట్టి చూడండి. తామెత్ పెళ్లి జరిగిన నాలుగేళ్లకు, క్రీ.పూ. 445లో, నెహెమ్యా యెరూషలేముకు అధికారిగా వచ్చాడు. ఆ తర్వాత మళ్లీ వచ్చినప్పుడు అష్డోదు, అమ్మోను, మోయాబు స్త్రీలను పెళ్లాడిన యూదులను శపించి, కొందరిని కొట్టి, జుట్టు పీకానని తన పేర ఉన్న గ్రంథంలో తానే చెప్పుకున్నాడు. సమరయ అధికారి సన్బల్లటు కూతుర్ని చేసుకున్నాడని ప్రధాన యాజకుడి మనవణ్ణి కూడా తరిమేశాడు. అక్కడ అన్యజాతి కోడలు అంటే కులం చెడినట్టు. ఇక్కడ యాహు గుడిలో సేవ చేసేవాడి భార్యే ఈజిప్టు దాసి. రెండు చోట్లా యూదులే, ఒకే దేవుడు, ఒకే శతాబ్దం.

క్రీ.పూ. 419లో దీవికి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది హనన్యా అనే అతను. యెదన్యాకూ, కోటలోని యూదు దళానికీ 'మీ సోదరుడు' అని పిలుచుకుంటూ రాశాడు. పర్షియా రాజు దర్యావేషు ఏలుబడిలో ఐదో సంవత్సరమని మొదలుపెట్టి, నీసాను నెల 15 నుంచి 21 దాకా పండుగ చేసుకోమని చెప్పాడు. శుద్ధిగా ఉండండి, పని చేయకండి, పులిసిన పానీయాలు తాగకండి, పులిసిన పిండి ఇళ్లలో కనబడనీయకండి. బైబిలు చదివేవాళ్లు చటుక్కున గుర్తుపడతారు, పులియని రొట్టెల పండుగ ఇది. పండుగ ఎప్పుడు, ఎలా చేసుకోవాలో బయటి మనిషి చెప్పాల్సి వచ్చిందన్నమాట. మన ఊళ్లల్లో పెద్దపండుగ సంక్రాంతికి భోగి ఏ రోజో పట్నం నుంచి ఉత్తరం రాసి చెప్పాల్సి వస్తుందా? ఈ దీవిలో దొరికిన పత్రాలన్నీ వెతికినా మోషే పేరు లేదు. అబ్రాహాము లేడు, ఐగుప్తు నుంచి బయటపడిన కథ లేదు, ధర్మశాస్త్రం అన్న మాటే లేదు. విశ్రాంతిదినం ప్రస్తావన మాత్రం కుండపెంకుల మీద కనిపిస్తుంది.

దీవిలో ఇంకో గుడి కూడా ఉంది. ఖ్నూము దేవుడిది. పొట్టేలు తల ఉన్న దేవుడు, కుమ్మరి సారె మీద మనుషుల్ని చేసేవాడు, నైలు వరదను వదిలేవాడు. ఆ దీవికి అసలు యజమాని అతనే. పొట్టేలును దేవుడిగా కొలిచే పూజారులు, గొర్రెలను కోసి దేవుడికి దహనబలిచ్చే యూదులు, ఒకే చిన్న దీవిలో గోడవతల గోడగా బతికారు. ఎక్కడో ఒకచోట నిప్పు రాజుకోక తప్పదు.

క్రీ.పూ. 410, తమ్మూజు నెల. మన లెక్కలో జూలై. ఈజిప్టు రాజప్రతినిధి ఆర్షామ చక్రవర్తి దర్శనానికి దేశం విడిచి వెళ్లాడు. పిల్లి లేని ఇల్లు. ఖ్నూము పూజారులు స్థానిక అధికారి విద్రంగకు వెండీ వస్తువులూ ముట్టజెప్పారు. ముందు కోట మధ్యలో గోడ కట్టేశారు. దండుకు నీళ్లిచ్చే, ఎప్పుడూ ఎండని బావిని పూడ్చేశారు. రాజుగారి ధాన్యపు కొట్టులో కొంత పడగొట్టారు. తర్వాత విద్రంగ తన కొడుకు నఫైనాకు కబురు పంపాడు. అతను ఎదురు ఒడ్డున అస్వాన్ దండుకు నాయకుడు.

నఫైనా ఈజిప్టు సైనికుల్ని, మరికొందర్ని వెంటబెట్టుకుని దీవి మీదికి వచ్చాడు. పనిముట్లు చేత్తో పట్టుకుని వచ్చారు, అంటే కూలగొట్టడానికే వచ్చారు. గుడిలోకి చొరబడ్డారు. రాతి స్తంభాలు విరగ్గొట్టారు. చెక్కిన రాళ్లతో కట్టిన ఐదు ద్వారాలు నేలకూల్చారు. కంచు కీళ్ల తలుపులు పీకేశారు. దేవదారు చెక్కల పైకప్పుకు నిప్పు పెట్టారు. బంగారు గిన్నెలూ వెండి గిన్నెలూ మూట కట్టుకుపోయారు. ఈ జాబితా అంతా యెదన్యా ఉత్తరంలోదే. గుడి పోగొట్టుకున్నవాడు మూడేళ్ల తర్వాత కూడా ద్వారాలు ఎన్నో, కీళ్లు ఏ లోహమో మరచిపోలేదు.

ఆ రోజు అనన్యా, తామెత్ ఇంట్లోనే ఉన్నారనుకుంటే వాళ్లకు గుమ్మంలోంచే అంతా కనిపించి ఉండాలి. వీధికి అవతలే గుడి. జూలైలో అస్వాన్ ఎండకు నేల కాలుతూ ఉంటుంది. దేవదారు చెక్క పెళపెళమంటూ అంటుకుంటుంది. ముసలి అనన్యా జీవితమంతా సేవ చేసింది ఆ గుడికే. తామెత్ పుట్టింది ఆ గుడిని కూలగొడుతున్నవాళ్ల జాతిలో. ఆమె ఏమనుకుందో ఏ పత్రమూ రాయలేదు. దాసీలు ఏమనుకున్నారో రాసిన పత్రాలు ఏ దేశంలోనూ ఎక్కువ ఉండవు.

వెంటనే ఉత్తరాలు వెళ్లాయి. బగోహికి ఒకటి, యెరూషలేము ప్రధాన యాజకుడు యోహానానుకు, తోటి యాజకులకు, యూదా పెద్దలకు మరొకటి. జవాబు రాలేదు. ఒక ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు. విద్రంగకు మాత్రం శాస్తి జరిగింది. కుక్కలు అతని కాళ్ల కడియాలు లాగేశాయని, అతను కూడబెట్టిందంతా పోయిందని, గుడికి కీడు తలపెట్టినవాళ్లంతా చచ్చారని, మేము కళ్లారా చూశామని యెదన్యా రాయించాడు. కుక్కల మాట తిట్టా, నిజంగా జరిగిందా అని పండితులు ఇప్పటికీ వాదులాడుకుంటున్నారు. ఆ వాక్యంలో ఉన్న తృప్తి గురించి మాత్రం వాదన అక్కర్లేదు.

యోహానాను ఎందుకు నోరు విప్పలేదు? నా ఉద్దేశంలో ఆ మౌనంలోనే జవాబుంది. యెరూషలేము యాజకులకు ఒకే దేవుడు, ఒకే గుడి, ఒకే బలిపీఠం. నైలు దీవిలో గుడి కూలిందంటే వాళ్లకు అది దుర్వార్త కాకపోవచ్చు, తలనొప్పి తీరినట్టు. ఆ మాట నోటితో అనలేరు కాబట్టి ఊరుకున్నారు.

యెదన్యా అమాయకుడు కాదు. ఈసారి బగోహికి రాసిన ఉత్తరంలో, సమరయ అధికారి సన్బల్లటు కొడుకులు దెలాయా, షెలెమ్యాలకు కూడా ఇదే సంగతి రాశానని చేర్చాడు. నెహెమ్యా ఎవరి అల్లుణ్ణి తరిమేశాడో ఆ సన్బల్లటు కొడుకులు! యెరూషలేము పలకకపోతే ప్రత్యర్థి తలుపు తట్టాడు. గుడి మళ్లీ కట్టిస్తే నీ పేరు మీద నైవేద్యం, ధూపం, దహనబలి అర్పిస్తాం, నీకోసం మేమూ మా భార్యలూ మా పిల్లలూ ప్రార్థిస్తాం, వెయ్యి తలాంతుల వెండి ఖరీదు చేసే బలులిచ్చినవాడి కన్నా ఎక్కువ పుణ్యం నీకు దక్కుతుంది అని ఆశ పెట్టాడు. ఆ తర్వాతే బంగారం మాట.

ఈసారి జవాబు వచ్చింది. బగోహి, దెలాయా ఇద్దరూ కలిసి నోటిమాటగా చెప్పింది ఎవరో ఒక చిన్న చీటీ మీద రాసుకొచ్చారు. ఆర్షామకు ఇలా చెప్పు: పరలోక దేవుని బలిపీఠపు ఇల్లు, కంబైసిస్ కన్నా ముందు నుంచి ఉన్నది, దుష్టుడు విద్రంగ కూల్చినది, మళ్లీ అదే చోట కట్టాలి. ఆ బలిపీఠం మీద నైవేద్యం, ధూపం అర్పించాలి.

నైవేద్యం, ధూపం. యెదన్యా అడిగిన మూడింటిలో రెండే ఉన్నాయి. దహనబలి మాయమైంది. గొర్రె నెత్తురు, కొవ్వు కాలే వాసన, పొగ, అవి ఇక లేవు. ఖ్నూము పొట్టేలు పూజారులకు కోపం రాకూడదనా? నిప్పును పవిత్రంగా చూసే పర్షియన్ల మనసు నొప్పించకూడదనా? పండితులు ఈ రెండు కారణాలూ చెబుతారు. మూడోది యెరూషలేము: బలులు మాకే ఉండాలి, మీకు ధూపం చాలు. నేనైతే మూడో దానివైపే మొగ్గుతాను. యెదన్యా, మరి నలుగురు కలిసి ఇంకో పత్రం రాశారు. గొర్రెలు, ఎద్దులు, మేకల దహనబలి ఇక్కడ జరగదు, ధూపం, నైవేద్యం మాత్రమే, గుడి కట్టనిస్తే ప్రభువుకు వెండీ వెయ్యి అర్దబుల (అప్పటి ధాన్యపు కొలత) బార్లీ ఇస్తాం. ఒప్పేసుకున్నారు.

ఇంకా కొన్నేళ్లకు, క్రీ.పూ. 400 ప్రాంతంలో, దీవిలో ఒక చందా లెక్క రాశారు. ఆడా మగా ఒక్కొక్కరు రెండు షెకెళ్లు. యాహు దేవుడి కోసమని మొదలుపెట్టారు. చివర మొత్తం వేసి పంచింది చూస్తే ఇలా ఉంది: యాహుకు 12 కర్షలు 6 షెకెళ్లు, ఎషెమ్‌బేతేలుకు 7 కర్షలు, అనత్‌బేతేలుకు 12 కర్షలు. కర్ష అంటే పది షెకెళ్లు. ఎషెమ్‌బేతేలు ఇంకో దేవుడు, అనత్ అంటే కనాను దేవత. ఆ సొమ్ము చేతిలో పెట్టుకున్నది ఎవరనుకుంటున్నారు? గెమర్యా కొడుకు యెదన్యానే. యాహు గుడి కోసం మూడేళ్లు గోనె కట్టుకున్న మనిషే అనత్ దేవతకు దాదాపు సమాన వాటా పంచాడు.

అతను భ్రష్టుడని యెరూషలేము అని ఉండవచ్చు. నాకలా అనిపించదు. యెహోవాతో పాటు అషేరా దేవత పేరూ చెప్పి దీవించిన శాసనాలు సీనాయి ఎడారిలోని కుంటిల్లెత్ అజ్రూద్‌లో దొరికాయి, అవి క్రీ.పూ. 800 నాటివి. ఐగుప్తులో స్థిరపడ్డ యూదు స్త్రీలు ఆకాశరాణికి ధూపం వేయడం మానమని యిర్మీయా ప్రవక్తకు ముఖం మీదే చెప్పిన సంగతి బైబిల్లోనే ఉంది. వాళ్లున్న చోట్లలో పత్రోసు కూడా ఒకటి. పత్రోసు అంటే ఎగువ ఐగుప్తు. యేబు దీవి ఆ పత్రోసులోనిదే. ప్రవక్తలు తిట్టింది వీళ్లలాంటి జనాన్నే. ప్రవక్తల మాట గ్రంథమైంది. ఈ జనం మాట దస్తావేజులైంది. యూదు మతం పుట్టింది ఒక కొండ మీద ఒక్క రోజున అని గ్రంథం చెబుతుంది. ఈ దస్తావేజుల్లో మాత్రం అది ఇంకా పుడుతూనే ఉంది.

అవి బయటపడిన తీరు మరో కథ. 1893లో చార్లెస్ ఎడ్విన్ విల్బర్ అనే అమెరికన్, ఎలిఫెంటైన్ దీవిలో ముగ్గురు ఆడవాళ్ల దగ్గర వేర్వేరుగా కొన్ని పపైరస్ చుట్టలు కొన్నాడు. పాతగోడల మట్టిని పొలాలకు ఎరువుగా తవ్వుకెళ్లే జనానికి దొరికినవి. అతను 1896లో పారిస్‌లో చనిపోయాడు. చుట్టలు పెట్టెలో ఉండిపోయాయి, యాభై ఏళ్ల పాటు. అతని కూతురు వాటిని ఒక మ్యూజియానికి వదిలివెళ్లింది. అవి 1953లో ఎమిల్ క్రేలింగ్ సంపాదకత్వంలో అచ్చయ్యాయి. అనన్యా, తామెత్ మనకు తెలిసింది అప్పుడే. యెదన్యా ఉత్తరాలు అంతకు ముందే, 1906లో మొదలైన ఓట్టో రూబెన్‌సోన్ జర్మన్ తవ్వకాల్లో దొరికాయి. దిద్దుబాట్ల చిత్తుప్రతి బెర్లిన్‌లో ఉంది, రెండో ప్రతి కైరోలో.

విల్బర్ కొన్నవాటిలో ఒకటి క్రీ.పూ. 402 డిసెంబరు 13 నాటి క్రయ దస్తావేజు. అనన్యా, తామెత్ కలిసి గుడి ఎదుటి తమ ఇంట్లో ఒక భాగం అల్లుడికి 13 షెకెళ్లకు అమ్మారు. పాడుపడి ఉన్నప్పుడు ఇల్లంతా కొన్నదానికన్నా ఒక షెకెలు తక్కువ. మన రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉన్నట్టే అందులోనూ చెక్కుబందీ ఉంది. సరిహద్దుల్లో ఒకటి: వీధికి అవతల యాహు గుడి. కూలిన ఎనిమిదేళ్లకు గుడి మళ్లీ సరిహద్దు లెక్కలోకి వచ్చింది. ఆ దస్తావేజు ఇప్పుడు న్యూయార్క్‌లో, బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది.